లోయిజోస్ పెట్టె

సైప్రస్ రెండు ముక్కలైన వేసవిలో మాయమైన మా తమ్ముడు లోయిజోస్, ముప్పై అయిదేళ్ళకి ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. చంటిపిల్లల ఊయలంత పెట్టెలో.

నాలుగింటికి ఖననం. ఆదివారం ఎన్నికలు కాబట్టి మంత్రిగారు కూడా వస్తారట. పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి వెతకమని అమ్మా నేనూ చెప్పులరిగేలా తిరిగితే రాజధాని నికోసియా ఆఫీసుల్లో ఒక్కడూ తలెత్తి చూడలేదు. ఇప్పుడేమో ఎముకల మీద జెండా కప్పి ఓట్లడుక్కుంటారు, సిగ్గులేని జన్మలు!

ఎండకి కిటికీలన్నీ మూసేశాం. నేను వంటింట్లో చావింట పంచే గోధుమలు ఉడికిస్తున్నాను. చీకటి గదిలో అమ్మ పెట్టె పక్కనే కూర్చుంది. ఉడికే గోధుమల వాసనలో మరో వాసన కలిసింది. తడి మట్టి వాసన... మూడు నెలలుగా చినుకు లేదు.

టక్... టక్...

"దెస్పో, ఇలా రావే," అమ్మ గుసగుసగా పిలిచింది.

పెట్టెకి చెవి ఆనించాను. లోపల ఏదో గొంతు. సన్నగా, బొంగురుగా... టర్కీ భాషలో.

మా గ్రీకులూ, టర్కులూ కలిసి బతికిన ఊళ్ళో పుట్టింది కాబట్టి అమ్మకి ఆ భాష వచ్చు. "దాహమంటున్నాడు. వాళ్ళమ్మని పిలుస్తున్నాడు. వీడు మనవాడు కాదే..."

భయం కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. పెట్టె తెచ్చిన అధికారి బయట వ్యాన్ నీడలో సిగరెట్ కాలుస్తున్నాడు.

"ఎవడి ఎముకలు తెచ్చి మా నెత్తిన రుద్దావు?"

"అరవకండమ్మా. అన్నీ ఒకే బావిలో దొరికాయి. తప్పుంటే ఎన్నికలయ్యాక చూద్దాం. కెమెరాలు వచ్చేస్తున్నాయి."

"నీ కెమెరాలు తగలెయ్య! మా నాన్న పక్కన శత్రువుని పూడ్చమంటావా? తీసుకుపో!"

"గుక్కెడు నీళ్ళయినా పొయ్యనీవే," అంది అమ్మ గుమ్మంలోంచి. నేను వినలేదు. ఒక చివర నేనే పట్టుకుని పెట్టెని వ్యాన్ ఎక్కించాను.

తలుపు పడింది. వ్యాన్ కదిలింది. అప్పుడు లోపల్నుంచి ఇంకో గొంతు... మా భాషలో.

"అక్కా... నేనూ ఇందులోనే ఉన్నాను..."

పరిగెత్తాను. వ్యాన్ ఆగలేదు.

నాలుగయింది. మంత్రి రాలేదు. కెమెరాలూ రాలేదు.

మర్నాడు తప్పిపోయినవాళ్ళని వెతికే ఆఫీసుకి వెళ్ళి బల్ల గుద్ది అడిగాను. మీ ఇంటికి ఏ పెట్టే పంపలేదు, లోయిజోస్ ఇంకా దొరకనే లేదన్నాడు గుమాస్తా. "మరి ఆ బావిలో తవ్వి తీసిన ఎముకలో?" అని అరిచాను.

వాడు లేచి తలుపు మూసి వచ్చాడు.

"బావి సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు గొంతు తగ్గించి. "దాన్నింకా తవ్వలేదే..."