తొమ్మిది మైళ్ల సమ్మతి

ఉదయం 10:52కి, విశాఖకు తూర్పున సముద్రం మీద, రెండు ప్రయాణికుల విమానాలు ఒకే ఎత్తులో, ఒకే చోటికి వచ్చాయి. రెండో విమానం పైలట్ కిటికీలోంచి మొదటిదాన్ని చూసి ముక్కు కిందికి దించాడు. కాఫీ బండి తోస్తున్న సహాయకురాలు ఎగిరి పైకప్పుకు కొట్టుకుని చనిపోయింది. మిగతావాళ్లు బతికారు.

అంతకు మూడు నిమిషాల ముందు, విశాఖలో ఒక పరీక్షా హాల్లో, నూకరత్నం అనే అభ్యర్థి 'కాదు' బటన్ నొక్కింది.

ఆ హాల్లో ఉన్నది మూడు వందల పన్నెండు మంది. లోపలికి వచ్చేటప్పుడే అందరూ లెక్కపట్టీలు తీసి ట్రేలో పెట్టారు. చెవి వెనక అంటించే ఆ పట్టీ బడిలో చేర్చిన రోజునుంచీ ఉంటుంది. ఏ లెక్క తగిలినా జవాబు చెవిలో చెబుతుంది. అది తీసేస్తే, హాల్లో సగం మందికి పదిహేడూ ఎనిమిదీ కలిపితే ఎంతో తెలియదు. అయినా ఎవరూ కంగారు పడలేదు. ఈ పరీక్షకు లెక్క అక్కర్లేదని కోచింగ్ సెంటర్లు ఏనాడో కనిపెట్టాయి.

ఆకాశంలో విమానాల్ని నడిపించేది గగనసూత్రి అనే యంత్రం. ఏది ఎప్పుడు ఏ ఎత్తులో పోవాలో అదే చెబుతుంది. కానీ రెండు విమానాలు దగ్గరగా దాటే ప్రతిసారీ ఒక మనిషి లెక్క చూసి సరే అనాలని చట్టం ఉంది. ఆ పని చేసేవాళ్లు సమ్మతి అధికారులు. వాళ్లను ఎంచే పరీక్షలో గగనసూత్రి కట్టిన లెక్క తెర మీద కనిపిస్తుంది. కింద రెండే బటన్లు, సరే, కాదు. హాలంతా సరే అన్నచోట ఒక్కరు కాదంటే దాన్ని తడబాటు అంటారు. మూడు తడబాట్లు పడితే బయటికి పంపిస్తారు.

రత్నం రెండుసార్లు అలాగే బయటికి వచ్చింది. వయసు ప్రకారం ఇదే ఆఖరిసారి.

ఆమెకు నేర్పింది జోగినాయుడు మాస్టారు. నోటిలెక్కలు చెప్పే మాస్టారు ఊళ్లో ఆయనొక్కడే మిగిలాడు, ఆయనకు మిగిలిన శిష్యురాలు రత్నం ఒక్కతే. ఎదురు మేడలో కోచింగ్ సెంటర్ వాళ్లు పిల్లల చేత పొద్దస్తమానం సరే నొక్కిస్తారు, అదే సిలబస్. ఆయన మాత్రం పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం వల్లెవేయించాడు. విమానం జాడ తెర మీద పావు నిమిషానికో చుక్కగా పడుతుంది కాబట్టి, పావులు నోటికి వస్తే వేగం దానంతటదే వస్తుందనేవాడు. అలాంటివాడు ముందురోజు సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి, ముఖం చూడకుండా చెప్పాడు.

"ఈసారికి లెక్క కట్టకమ్మా. అందరితోపాటు నొక్కీ. ఉజ్జోగం వచ్చాక కట్టుకుందువుగాని."

రత్నం సరేనంది. పరీక్ష సగం గడిచేసరికే రెండు తడబాట్లు పడ్డాయి. తర్వాత పళ్లు బిగబట్టి, చూడకుండా సరే నొక్కుతూ పోయింది. 10:49కి ఒక ప్రశ్న వచ్చింది.

మొదటి విమానం, రెండు దారులూ కలిసే దాటుచోటుకు ఇరవై నాలుగు మైళ్లలో ఉంది, నిమిషానికి ఎనిమిది మైళ్ల వేగం. రెండోది, కడలి 407, ఇరవై ఏడు మైళ్లలో ఉంది, నిమిషానికి ఆరు. మొదటిది మూడు నిమిషాల్లో దాటుతుంది, రెండోది నాలుగున్నరకు వస్తుంది. మధ్య తొమ్మిది మైళ్ల ఎడం. ఐదుంటే చాలు. గగనసూత్రి సరే అడుగుతోంది.

రత్నం వేలు సరే మీదికి వెళ్లింది. కళ్లు మాత్రం చుక్కల మీద పడ్డాయి. కడలి చుక్కకూ చుక్కకూ మధ్య రెండుంపావు మైళ్లు. నాలుగు రెండుంపావులు తొమ్మిది. నిమిషానికి తొమ్మిదైతే ఇరవై ఏడుకు మూడే నిమిషాలు. రెండూ ఒకేసారి అక్కడుంటాయి. ఆరు అన్నది విమానం తన గురించి తాను చెప్పుకున్న వేగం. గగనసూత్రి ఆ మాట నమ్మింది, చుక్కలు చూడలేదు.

ఆమె కాదు నొక్కింది. తెర ఆరిపోయింది. పర్యవేక్షకుడు వచ్చి గుమ్మం చూపించాడు.

మాస్టారు రోడ్డవతల టీ దుకాణంలో ఉన్నాడు. ఆమె ముఖం చూసి ఇంకో టీ చెప్పాడు. ఆ టీ తాగుతుండగానే దుకాణంలో తెర మీద వార్త వచ్చింది. కడలి 407, సహాయకురాలు మృతి. రత్నం గ్లాసు దించి, ప్రశ్న మొత్తం ఆయనకు చెప్పింది.

"పావుకి ఎంత?" అన్నాడు మాస్టారు.

"రెండుంపావు."

ఆయన పెదాలు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి.

"కట్టొద్దని నానే చెప్పాను కదేటి."

"చెప్పారు. మీ మాట వినుంటే ఆవిడ చావుకి నేనూ సరే అనేదాన్ని," అని రత్నం రోడ్డు దాటింది.

పరీక్షాధికారి వసుంధర భోజనం డబ్బా విప్పుతోంది. 10:49కి వచ్చింది పాత ప్రశ్న కాదు కదా మేడమ్, అప్పుడు ఆకాశంలో ఉన్న విమానాలే కదా అని రత్నం అడిగింది. వసుంధర దాచలేదు. అధికారులు చాలడం లేదనీ, రెండేళ్లుగా పరీక్షల రోజున ప్రశ్నలు నేరుగా ఆకాశం నుంచే వస్తున్నాయనీ చెప్పింది.

"చట్టం మనిషి సమ్మతి కావాలంది. జీతం తీసుకునే మనిషి అనలేదమ్మా."

"అయితే నేను కాదన్నాను. నేను మనిషిని కాదా?"

"నీ జవాబు రికార్డులో లేదు."

"లేకపోతే నన్నెందుకు బయటికి పంపారు?"

"తడబాటు పడింది కాబట్టి."

"ఏదీ ఆ తడబాటు, చూపించండి."

"తుడిచేస్తాం. హాలు సగటు పాడవకూడదు కదా."

రత్నం బల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. కడలి వేగం ఎంతో కట్టి చెప్పమని వసుంధరను అడిగింది, చుక్కల దూరం కూడా తనే చెప్పింది. వసుంధర చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. పట్టీ అక్కడ లేదు. పరీక్ష జరిగే రోజంతా సిబ్బంది కూడా తీసేయాలని నియమం. ఆమె డబ్బా మూత పెట్టేసి, భద్రతా సిబ్బందిని పిలిచింది.

సాయంత్రం విమానాల మండలి ప్రకటన ఇచ్చింది. ఆ దాటింపుకు నూటికి నూరు శాతం మానవ సమ్మతి ఉందనీ, అందువల్ల గగనసూత్రి మీద విచారణ అవసరం లేదనీ అందులో ఉంది. చనిపోయిన సహాయకురాలి పేరు దమయంతి.

రత్నం రాసిన ఫిర్యాదును, ఆ సమయానికి ఆ పేరుతో అభ్యర్థి హాల్లో లేరని తిప్పి పంపారు.

మిగతా మూడు వందల పదకొండు మందీ అర్హత పొందారు. సోమవారం సమ్మతి అధికారులుగా ఉద్యోగంలో చేరారు.