గోడ అవతలి తొంభై సెకన్లు

ఆగండి, ఆగండి. చేతిలో ఉన్న పని పది నిమిషాలు పక్కన పెట్టి ఇది వినండి. ఒక లిఫ్ట్ మెకానిక్, పూర్తిగా బాగైపోయిన తన చేతిని ఇంకా బాగవలేదని నాలుగు వారాలు నమ్మించిన కథ ఇది. నమ్మించి తన గోతిలో తానే పడ్డ కథ అంటే ఇంకా సరిగ్గా ఉంటుందేమో.

మొదలైంది మాత్రం చిన్న గొడవతోనే.

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, లిఫ్ట్ షాఫ్ట్‌లో నిచ్చెన మీంచి జారి అతను కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక చూస్తే ఆ చెయ్యి తనది కాదన్నట్టుంది, నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోతున్నాడు. ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. అక్కడ నలభై నిమిషాలు కూర్చోబెట్టాక తెల్లకోటు అమ్మాయి ఒకతె హడావిడిగా వచ్చి, "లిఫ్ట్ గారు ఎవరండీ?" అంది.

"నాకో పేరుందండీ."

"ఉంటుంది. ఇవాళ నలుగురు మణికట్లు వచ్చారు. పనిని బట్టి గుర్తుపెట్టుకుంటున్నా. రండి."

మూతి ముడుచుకుని వెళ్లి కూర్చున్నాడు. ఆమె అతని చేతిలో పచ్చటి జిగురు ముద్ద ఒకటి పెట్టింది. "గట్టిగా నొక్కి పట్టుకోండి. తొంభై సెకన్లు."

"నలభై నిమిషాలు కూర్చోబెట్టి ఇప్పుడు సెకన్లు లెక్కపెడతారా?"

గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. దాని పక్కన ఎవరూ చదవని నోటీసు ఒకటి ఫ్రేము కట్టి ఉంది. ఆమె కోటు జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కింది.

నాలుగు డ్రమ్ము దెబ్బలు. ఆ వెంటనే ట్రంపెట్లు.

అంతే, అతని వెన్ను నిటారుగా అయిపోయింది. తనకి తెలియకుండానే నోట్లోంచి "ప్పా ప పాప్పా" అని ట్రంపెట్ వచ్చేసింది, హాలంతా వినపడేట్టు. పక్క బల్ల మీద మోకాలికి కాపడం పెట్టించుకుంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉలిక్కిపడి కళ్లజోడు సర్దుకున్నారు.

ఆమె అతని వంక మొదటిసారి సరిగ్గా చూసింది. "మీకీ పాట తెలుసా?"

"గాలిమర ముఠా," అన్నాడతను.

ఐదుగురు పిల్లలు తుఫాన్లలో విరిగిపోయిన గాలిమరల్ని రిపేరు చేస్తూ ఊరూరా తిరిగే జపాన్ బొమ్మల సీరియల్ అది. వీళ్లిద్దరూ బడికెళ్లే రోజుల్లో సాయంత్రం ఐదున్నరకి టీవీలో వచ్చేది.

"టీవీలో వచ్చే ఇలాంటి పాటలన్నీ ఇంచుమించు తొంభై సెకన్లే ఉంటాయి," అంది ఆమె. గొంతులో ఇందాకటి హడావిడి లేదు. "నా ఎక్సర్‌సైజూ తొంభై సెకన్లే. గడియారం చూస్తూ నొక్కితే అందరూ నలభైకే వదిలేస్తారు. పాట పెడితే ఆ పైకి లేచే ముక్క వచ్చేదాకా ఒక్కరూ వదలరు. కావాలంటే మాస్టార్ని అడగండి."

"మా కాలంలో పాటలకి అర్థముండేదమ్మా," అన్నారు మాస్టారు.

"అర్థం తెలిసే మొన్న కళ్లు తుడుచుకున్నారా?"

"అది కాపడం వేడికి."

అర్థం తెలియకపోతేనేం, అసలా పాటల్లో ఉన్న గమ్మత్తు వేరు. పాడేవాళ్లు ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి అన్నట్టు పాడతారు. సగంలో వాయిద్యాలన్నీ ఒక్క ఊపిరిసేపు ఆగిపోతాయి. ఆ ఖాళీలో మన గుండె ఒక్కటే వినిపిస్తుంది. అంతలో అన్నీ కలిసి ఒక్కసారి పైకి లేస్తాయి. ఏదో మొదలవబోతోంది, నువ్వూ రా అని పిలుస్తాయి. గాలిమర ముఠా పాటకి చివర్లో ఐదుగురూ కలిసి "ఇకుజో" అని అరుస్తారు. పదండి వెళ్దాం అని దానర్థమని ఆమే చెప్పింది.

"మీకు ముఠాలో ఎవరిష్టం?" అని అడిగింది.

అతను ముద్ద వైపు చూస్తూ, "నేను సీరియల్ చూడలేదండీ," అన్నాడు.

"ఒక్క ఎపిసోడ్ కూడానా?"

"మా ఇంట్లో టీవీ ఉండేది కాదు. పక్క పోర్షన్‌లో పెట్టేవాళ్లు. గోడకి చెవి ఆనించి వినేవాణ్ణి. పాట అయ్యీ అవగానే మా అమ్మ ట్యూషన్‌కి టైమైందని కేకేసేది. నాలుగేళ్లు అంతే."

"అంటే టికెట్ కొనుక్కుని గేటు దగ్గరే నాలుగేళ్లు నిలబడ్డారన్నమాట."

"టికెట్ కూడా కొనలేదండీ."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు అచ్చం ఆ పాటలో వాయిద్యాలన్నీ తిరిగి అందుకునే చోటులా ఉంది. ఇంకేముంది, మనవాడి పని అక్కడే అయిపోయింది.

మంగళవారం, శుక్రవారం. వారానికి రెండు సెషన్లు. మిగిలిన ఐదు రోజులూ క్యాలెండర్లో ఎందుకున్నాయో అతనికి అర్థమయ్యేది కాదు. చెయ్యి కుదుటపడేదాకా ఆఫీసులో కూర్చుని, లిఫ్ట్ ఆగిపోయిందని తిట్టేవాళ్ల ఫోన్లు ఎత్తాలి. ఆ తిట్ల మధ్యలో నాలుగు డ్రమ్ము దెబ్బలు గుర్తొచ్చేవి. "సార్, వింటున్నారా?" అని అవతలివాళ్లు అడిగేవాళ్లు. అతను వింటూనే ఉండేవాడు, వాళ్లని మాత్రం కాదు.

క్లినిక్‌లో అతను ముద్ద నొక్కుతుంటే ఆమె పాట వెనకాల వచ్చే బొమ్మలన్నీ మెల్లిగా చెప్పేది. "ఇదిగో, ఇప్పుడు ముఠాలో పొట్టిది కొండ మీంచి పరిగెడుతుంది. వాన మొదలైంది. ఇక్కడ పెద్దోడు వెనక్కి తిరిగి చూస్తాడు. చూశాడు."

"ఎవరికోసం?"

"అది సీరియల్ చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది కదా, చూడొచ్చుగా?"

"భయమండీ. ఇరవై ఏళ్లుగా నేనే ఏదేదో ఊహించుకున్నా. అదంతా కాదని తేలితే?"

ఆమె అతని వేళ్లు ఒక్కొక్కటీ సాగదీస్తూ, "అలా అనుకుంటే ఏదీ మొదలవదు లిఫ్ట్ గారూ," అంది. ఆ మాట పట్టుకుని అతను శుక్రవారం దాకా బతికాడు.

సెషన్ ఆఖర్న ప్రతిసారీ పిడికిలి బలం కొలిచే మీటరు నొక్కాలి. అది ముప్పై ఆరు కిలోలు చూపిస్తే చెయ్యి బాగైనట్టు. ఫైలు మూసేస్తారు. మొదటి రోజు పద్నాలుగు చూపించింది. తర్వాత పందొమ్మిది, ఇరవై ఐదు, ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి చూసినప్పుడు ఆమె చప్పట్లు కొట్టింది. అతను మాత్రం వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ఇంకో ఐదు, అంతే. తర్వాత మంగళవారం అంటే ఉత్త మంగళవారమే.

ఆ రోజు నుంచి అతను మీటరు పట్టుకుని పళ్లు బిగించేవాడు, మొహం ఎర్రగా చేసేవాడు, మూలిగేవాడు. చెయ్యి మాత్రం నొక్కేది కాదు. ముప్పై ఒకటి. ముప్పై. ముప్పై ఒకటి. నాలుగు వారాలు.

"ఇంత నిలకడ నా సర్వీసులో ఏ విద్యార్థిలోనూ చూళ్లేదు," అన్నారు మాస్టారు.

ఆమె నవ్వలేదు. ఆ శుక్రవారం బయట వాన దంచేస్తోంది. హాల్లో వాళ్లు ముగ్గురే ఉన్నారు. ఆమె పాట పెట్టలేదు. మీటరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇవాళ ఆటలాగా చేద్దాం. కుడి, ఎడమ, కుడి, ఎడమ, నేను చెప్పినంత స్పీడుగా చేతులు మార్చి నొక్కాలి. ఆలోచించకూడదు."

కుడి. ఎడమ. కుడి. ఎడమ. దొంగ నాటకం ఆడాలంటే కాస్త తీరిక ఉండాలి. ఆమె ఆ తీరిక ఇవ్వలేదు.

"కుడి చెయ్యి ముప్పై తొమ్మిది," అంది.

"మీటరు పాడైనట్టుందండీ."

"మీటరు బాగానే ఉంది. పాడైంది మీరు." ఫైలు మూసింది, మళ్లీ తెరిచింది. "నాలుగు వారాలు నేనేం తప్పు చేస్తున్నానా అని పుస్తకాలన్నీ తిరగేశాను. ఇదంతా ఆఫీసులో కుర్చీలో కూర్చోడానికా?"

"ఆ ఫోన్లెత్తడం కంటే షాఫ్ట్‌లో తలకిందులుగా వేలాడటం నయం. దానికి కాదండీ."

"మరి?"

మాస్టారు అకస్మాత్తుగా కిటికీలోంచి వాన చూడటం మొదలుపెట్టారు.

"ఫైలు మూస్తే పాట ఆగిపోతుందని," అన్నాడతను. ఇక నోరు ఆగలేదు. "పాట అంటే పాట కాదు. మీరు. మీరు చెప్పే పొట్టిదీ, వానా, వెనక్కి తిరిగే పెద్దోడూ. నాకు ఎప్పుడూ మొదటి పాట వరకే దక్కుతుందండీ. అది కూడా పోతే ఎలాగని, కొంచెం సాగదీశాను."

ఆమె ఫైలు ఆఖరి కాగితం మీద ఏదో రాసింది, సంతకం పెట్టింది, స్టాంపు గుద్దింది. ఆ చప్పుడు అతనికి పక్కటెముకల్లో వినిపించింది.

"మీరింక రావక్కర్లేదు."

"సారీ అండీ." లేచాడు. ఏ చేత్తో తలుపు తీయాలో ఒక్క క్షణం తోచలేదు. కుడి చేత్తోనే తీశాడు, హాయిగా తిరిగింది గుండ్రటి పిడి. బాగైపోయిన ఆ చేతిని తిట్టుకున్నాడు.

"లిఫ్ట్ గారూ. గడియారం పక్కన నోటీసు ఏనాడైనా చదివారా?"

వెనక్కి తిరిగి చదివాడు. చికిత్స ఫైలు తెరిచి ఉన్నంతకాలం సిబ్బంది ఏ పేషెంటునీ క్లినిక్ బయట కలవరాదు.

మళ్లీ చదివాడు.

"మూడో సెషన్ నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటున్నా," అంది ఆమె, ఫైలు వైపు చూస్తూ. "పద్నాలుగు, పందొమ్మిది, ఇరవై ఐదు. ఇంకో రెండు సెషన్లు అనుకున్నా. ఇక్కడ నేను ముప్పై ఆరు కోసం చచ్చిపోతుంటే, అక్కడ మీరు మూలుగుతూ కూర్చున్నారు."

"ఇద్దరికీ సున్నా మార్కులు," అన్నారు మాస్టారు కిటికీ వైపు నుంచే.

ఆమె చీటీ మీద అడ్రస్ రాసి అతని కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "ఆదివారం ఐదున్నరకి. మొదటి ఎపిసోడ్. మా అమ్మమ్మా, అమ్మా ఉంటారు. ఫైలు మూశాక లిఫ్ట్ మెకానిక్ వస్తాడని ఎప్పుడో చెబితే, మన లిఫ్ట్ బాగానే ఉందిగా, ఎందుకూ అంది అమ్మ."

"మీరేమన్నారు?"

"వచ్చాక నువ్వే చూడు అన్నా."

ఆదివారం. ఇస్త్రీ చొక్కా, తడిసిన బూట్లు. ఐదో అంతస్తులో లిఫ్ట్ దిగాడు, అలవాటుకొద్దీ దాని తలుపు చప్పుడు విని ఫర్వాలేదనుకున్నాడు. ఐదు ఇరవై ఎనిమిది. వరండా చివర తలుపు మూసి ఉంది. బెల్లు మీద వేలు పెట్టాడు.

లోపల నాలుగు డ్రమ్ము దెబ్బలు. ట్రంపెట్లు.

వేలు అక్కడే ఆగిపోయింది.

"అప్పుడే పెట్టేశావేమే, అబ్బాయి రాకుండానే?" ఒక పెద్ద గొంతు.

"వచ్చాడు అమ్మమ్మా. కింద బండి పెడుతుంటే చూశాను. ఆయనకి మొదటి పాట గోడ అవతల నుంచి వినడమే అలవాటు. విననీ."

"బాగుంది. గుమ్మం బయట నిలబెట్టా?"

"నేను నిలబెట్టలేదు. ఎప్పుడు లోపలికి రావాలో ఆయన చేతిలోనే ఉంది."

అతనికి తెలియకుండానే చెయ్యి గోడకి ఆనింది. అదే పాట. పొట్టిది కొండ మీంచి పరిగెడుతోంది. వాన మొదలైంది. పెద్దోడు వెనక్కి తిరిగాడు. ఈసారి ట్యూషన్‌కి కేకేసేవాళ్లు ఎవరూ లేరు. వాయిద్యాలన్నీ ఆగిపోయే ఆ ఒక్క ఊపిరి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో తలుపు అవతల అడుగుల చప్పుడు, దగ్గరగా వచ్చి ఆగింది. ఆమె అక్కడే ఉంది. అంగుళమున్నర చెక్కకి ఆవల, ఊపిరి బిగబట్టి.

పాట పైకి లేచింది. ఇంకో ఇరవై సెకన్లకి ఐదుగురూ "ఇకుజో" అంటారు. ఇన్నేళ్లు దాచుకున్న పాట, చివరిదాకా వినే హక్కు అతనికుంది. కానీ అవతల ఒక మనిషి నిలబడి ఉంది, ఇప్పటికే నాలుగు వారాలు ఎదురుచూసిన మనిషి.

చెప్పండి, మీరైతే పాట అయ్యేదాకా ఆగుతారా, మధ్యలోనే బెల్లు కొట్టేస్తారా?