పేజీలు తారుమారైన నవల

"ఈ నవల నచ్చలేదన్నవాళ్ల బుర్రలు ఒకసారి ఎక్స్‌రే తీయాలి!"

అన్నది ఎవరో కాదు, నిజంగానే ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే అమ్మాయి. ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడమీద గది, బయట కుండపోత వాన. వారానికో పుస్తకం చదివి పోట్లాడుకునే పాఠకులంతా హాజరు. ఈసారి వంతు పాతకాలపు సైబర్‌పంక్ నవలది. మెదడుకి వైరు తగిలించుకుని, తన జ్ఞాపకాలు కంప్యూటర్లకి అమ్ముకుంటూ బతికే ఓ దొంగపిల్ల కథ.

"ఎక్స్‌రేలో మెదడు కనబడదమ్మా," అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు.

"ఉంటే కదండీ కనబడ్డానికి!"

అందరూ ఘొల్లుమన్నారు. మూల కుర్చీలో బైండరు మాత్రం నవ్వడం మర్చిపోయి ఆమెనే చూస్తున్నాడు. కింద గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టే కుర్రాడతను. సైన్స్ ఫిక్షన్ అంటే అతనికి తలనొప్పి. అయినా ఆ పిల్ల మాటలు వినడానికి ఆదివారం ఆదివారం మెట్లెక్కి వస్తాడు. ఇంతవరకూ ఆమెతో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు.

"నాకు సగం అర్థం కాలేదుగానీ, వానలో ఆ రంగురంగుల లైట్లు భలే నచ్చాయి," అంది పళ్ల డాక్టరమ్మ.

"నాకైతే ఎక్కడ చూసినా మెషీన్లే. మనుషులేరీ?" అన్నారు మాస్టారు.

"అయ్యో మాస్టారూ! హీరోయిన్ ముందు చచ్చిపోయి, ఆ తర్వాత ప్రేమలో పడుతుంది కదా! జ్ఞాపకాలకి ముందూ వెనకా ఏముంది? అంతకంటే మనుషుల కథ ఇంకేం కావాలండీ?" అంది ఎక్స్‌రే అమ్మాయి.

మాస్టారు తన కాపీలో చివరి పేజీలు తిరగేశారు.

"చచ్చిపోయేది చివర్లో కదమ్మా?"

"మధ్యలోనండీ! అందుకేగా పేజీ నంబర్లు కూడా వెనక్కీ ముందుకీ గెంతుతాయి! ఒకచోట వాక్యం సగంలో తెగిపోతుంది. సిగ్నల్ పోయిందన్నమాట. ఏం తెలివి, ఏం తెలివి!"

బైండరు మెడ చాచి చూశాడు. ఆమె చేతిలో ఉన్నది నీలం అట్ట కాపీ. తను కుట్టినదే.

"అసలు చదివావా తల్లీ, ఏ సినిమా కథో కలిపేశావా?" అన్నారు మాస్టారు. ఈసారి అందరూ ఆమెను చూసి నవ్వారు.

ఆమె మొహం కందిపోయింది. "అబద్ధాలు చెప్పే అవసరం నాకేంటి? ఇంక ఈ మీటింగులకి వస్తే అడగండి!" అంటూ గొడుగు తీసుకుంది.

నోరు మూసుకుంటే బైండరు ఉద్యోగం భద్రంగా ఉంటుంది. కానీ ఆమె రాని ఆదివారాలు ఎవడిక్కావాలి?

"ఆగండి!" బైండరు లేచాడు. "ఆవిడ తప్పేం లేదు. ఆ పుస్తకం కుట్టింది నేను. పేజీల మడతలు తారుమారు చేసేశాను."

లైబ్రేరియన్ కళ్లజోడు దించి చూసింది. ఆవిడ ఎక్స్‌రే అమ్మాయికి సొంత పిన్ని. "నువ్వా? నీ చెయ్యి ఎప్పుడూ తప్పదే! ఆ వేళ ఏమొచ్చింది నీకు?"

"ఆ వేళ... ఈవిడ కౌంటర్ దగ్గర నిలబడి నవ్వుతున్నారండీ."

"అబ్బో!" అంది పళ్ల డాక్టరమ్మ.

ఎక్స్‌రే అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుంది. "అంటే, నేను రాత్రీ పగలూ ఆలోచించి కట్టిన థియరీ అంతా మీ సూదీ దారం చేసిన నిర్వాకమా?"

"తప్పైపోయిందండీ. విప్పి సరిగ్గా కుట్టిచ్చేస్తాను."

"దానిమీద చెయ్యి వేశారో, ఊరుకోను!" పుస్తకం గుండెకి హత్తుకుంది. "చచ్చాక ప్రేమించడమే బాగుంది. మీరు సరిచేస్తే చివర్లో నేను ఏడవాలి." అంటూనే ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"నన్ను క్షమించు తల్లీ," అన్నారు మాస్టారు. "ఆ కాపీ నాకూ ఓసారి ఇవ్వు. మనుషులు అందులో ఉన్నట్టున్నారు."

పిన్ని మాత్రం బైండరుని ఎగాదిగా చూసింది. "నలుగురిలో తప్పు ఒప్పుకున్నాడంటే కుర్రాడు బంగారమే. ఒసేయ్, మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాలే."

"పిన్నీ!"

మీటింగ్ అయ్యాక కింద గుమ్మంలో ఇద్దరూ నిలబడ్డారు. వాన తగ్గలేదు, ఉన్నది ఒకటే గొడుగు. ఆమెకి చోటిచ్చి అతను చూరు అంచుకి జరిగాడు.

"పిన్ని ఒప్పేసుకుంది," అందామె. "మీ మనసులో మాట ఊరందరికీ చెప్పేశారు. మనిద్దరికీ పరిచయం మాత్రం ఇంకా కాలేదు. మన కథ కూడా మీరే కుట్టినట్టున్నారు!"

"విప్పి మళ్లీ కుట్టమంటారా?"

"చెయ్యి వేశారో ఊరుకోనని చెప్పానా లేదా?" అంటూ గొడుగు విప్పి అతనివైపు వంచింది. "లోపలికి జరగండి, తడుస్తున్నారు."