పడవకన్నుకు బొట్టు

ఆ ఉదయం తాండవ జలాశయం మీద తొమ్మిది పడవలు తిరుగుతున్నాయి. ఎనిమిదింటిలో మనిషన్నవాడు లేడు. ప్రతి పడవ వెనకా ఒక తాడు, తాడు చివర వాటర్ స్కీయింగ్ సాధన చేసే అమ్మాయో అబ్బాయో. పడవ నడుమ నిలువు గడకు బిగించిన మూడు పడవకన్నులు వాళ్ళని వీడియో తీస్తుంటాయి. ఉత్త వీడియో అయితే గొప్పేముంది? పడబోయే మనిషి మోకాలు ఎలా వణుకుతుందో, భుజం ఎటు ఒరుగుతుందో వాటికి తెలుసు. అరక్షణం ముందే తాడుమరకు కబురు పెడతాయి, అది లాగుడు తగ్గించి మనిషిని నిలబెడుతుంది. ఈ ఏర్పాటుకు ముందెరుక అని పేరు. పదకొండేళ్ళుగా ఆ రేవులో ఎవరూ నీళ్ళలో పడలేదు.

తొమ్మిదో పడవలో ఉన్నది నూకరత్నం. యాభై నాలుగేళ్ళ మనిషి. ముందెరుక రాకముందు పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, తాడు చివరి పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది. ఎవరైనా పడితే పడవ తిప్పించి ఎక్కించుకునేది. ఇప్పుడు గడ ఎత్తు సరిచూసి, కన్నులు బిగించి, గాజు తుడవడమే ఆమె పని. పాత పని పోయిందని ఏడ్చే మనిషి కాదు. పిల్లలు పడకుండా ఉంటే అంతకన్నా ఏం కావాలి అనుకునేది.

తాడు చివర ఉన్నది మౌక్తిక. పందొమ్మిదేళ్ళ పిల్ల, సాయంత్రం జట్టు ఎంపిక. నీటి మీద తేలే ఆరు ఎర్ర బంతుల చుట్టూ మెలికలు తిరిగి రావాలి. ఆర్నెల్లుగా అయిదు దాటడం లేదు. ఆరోదానికి ఒళ్ళంతా నీటి మీదికి వాల్చాలి. అంత వాలితే ముందెరుక తాడు సడలిస్తుంది, బంతి చేజారిపోతుంది. కావాలంటే ముందెరుకను ఆపించుకోవచ్చు, ఆ హక్కు అందరికీ ఉంది. కానీ పడటమంటే ఎలా ఉంటుందో తెలియని పిల్లలకు ఆ భయం కొండంత. మౌక్తిక రెండుసార్లు మీట మీద వేలు పెట్టి వెనక్కి తీసుకుంది.

ఆ రోజే గడ మీదికి పాత మూడు కన్నుల బదులు ఒకే కొత్త కన్ను వచ్చింది, దాని పనితీరు చూడటానికే నూకరత్నం పడవెక్కింది. నూకరత్నం ఇంట్లో కొత్త వలైనా, కొత్త తెడ్డైనా బొట్టు పెట్టందే నీళ్ళ మీదికి పంపరు. పాత కన్నుకు గాజు వేరుగా, చట్రం వేరుగా కనిపించేవి. దీనికి ఎటు చూసినా నున్నటి నలుపే. నుదురనుకుని నడిమధ్య కుంకుమ పెట్టింది. తీరా చూస్తే అది నుదురు కాదు, కన్నే.

పడవ వేగం అందుకోగానే తుంపరకు కుంకుమ కరిగి గాజంతా పారింది. ముందెరుక దాన్ని ఏ ఎర్రమబ్బో అనుకున్నట్టుంది, ఉలకలేదు, పలకలేదు. మౌక్తిక అయిదో బంతి దాటింది. తాడు సడలలేదు. పిల్ల వాలింది, ఇంకా వాలింది, ఆరో బంతికి బారెడు దూరంలో దబ్బున పడింది. పడవ ఖాళీ తాడును ఈడ్చుకుంటూ పోతూనే ఉంది. పడినవాళ్ళ కోసం ఆగాలని దానికెవరూ నేర్పలేదు.

నూకరత్నం ఆపుమీట నొక్కి వెనక్కి చూసింది. తల తేలింది గానీ చెయ్యి లేవలేదు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. కొంగు నడుముకు బిగించి దూకేసింది.

తీరా దగ్గరికి వెళితే, మౌక్తిక తేలుడు చొక్కా మీద వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తోంది.

"సెయ్యెందుకెత్తలేదే తల్లీ?"

"ఎందుకెత్తాలి పిన్నీ?"

పడినవాళ్ళు బాగుంటే చెయ్యెత్తాలి, ఎత్తకపోతే పడవ పరుగున రావాలి. ఒకప్పుడు ఈ రేవులో మొదటిరోజు నేర్పే పాఠం అదే. పదకొండేళ్ళలో అది పోయింది, పోయినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. నూకరత్నం పిల్ల చేతిని పట్టి పైకెత్తి చూపించింది. ఇలా ఎత్తితే బాగున్నానని చెప్పినట్టు అని వివరించింది. తప్పు తనదేనని, కుంకుమ సంగతీ అక్కడే చెప్పేసింది.

మౌక్తిక నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఒంటికి ఒక దెబ్బ, ముక్కులోకి కాసిని నీళ్ళు, ఆర్నెల్లుగా తను భయపడింది ఇంతకేనా అంది.

"నీకు దణ్ణం పెడతాను పిన్నీ, ఇంకోసారి పడనీ. నువ్వు చూస్తూ ఉండు చాలు."

మరి నాలుగుసార్లు పడింది. అయిదోసారి ఆరో బంతి చుట్టి వచ్చింది. సాయంత్రం ముందెరుకను ఆపించి దిగి, జట్టులో చోటు సంపాదించుకుంది. నూకరత్నం మాత్రం తన పొరపాటు రేవు అధికారికి రాసిచ్చి, కొత్త కన్ను పాడుచేసిన దిగులుతో ఇంటికి పోయింది.

మర్నాడు ఉద్యోగం ఉందో ఊడిందో తేల్చుకుందామని వచ్చేసరికి, అధికారి కంటే ముందు మిగతా ఎనిమిది పడవల పిల్లలూ రేవు మెట్ల మీద ఎదురయ్యారు. వాళ్ళలో పతకాల మీద పతకాలు తెచ్చిన సుభద్ర ముందుకొచ్చింది.

"పడితే ఎవరూ రారనుకున్నామండి. నిన్న మీరు దూకడం చూశాం. మాకూ పడటం నేర్పండి."

నూకరత్నం కళ్ళు నిండాయి. తనను ఇలా అడిగేవాళ్ళు ఈ జన్మలో మళ్ళీ ఉంటారని ఆమె అనుకోలేదు. కడుపు నిండినట్టయింది. ముక్కు చీది, ముందు మీలో ఈత ఎంతమందికి వచ్చు అని అడిగింది. రెండు చేతులే లేచాయి. ఎనిమిది మందిలో ఇద్దరికే వచ్చు.

"అయితే ఇయాల పడవలు కట్టీండి," అంది నూకరత్నం, అందరికంటే ముందు తనే నీళ్ళలోకి దిగుతూ.