పెంచొద్దన్న జీతం

"జీతం పెంచితే పని మానేస్తాను," అంది గొడుగుల పిల్ల.

చిన్న ఓనరు మడుస్తున్న గొడుగుతోనే ఆమె వైపు తిరిగాడు. గొడుగుల దుకాణంలో కుట్టుపని ఆమెది. చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడింది. చేతికర్రతో నడుస్తుంది, మోటారు మిషను మీద కుడుతుంది. ఆమె కుట్టిన గొడుగులోకి వాన దూరదు. ఆమె కళ్ళెత్తి చూస్తే మాత్రం అతను కప్పు కింద నిలబడి కూడా తడిసిపోతాడు.

"పని చూసి పెంచారా, మొహం చూసా?"

"రెండూ..." అని నాలిక కరుచుకున్నాడు.

"బాగుంది సంబడం!"

"పెంచిన జీతం వద్దనేవాళ్ళలో నిన్నొక్కదాన్నే చూశా. ఇంకెక్కడైనా కుదిరావా?"

"అదేం లేదు ఓనరుగారూ. సంపాదన ఒక హద్దు దాటితే ఈ కాలికి సర్కారు ఇచ్చే పింఛను ఆపేస్తారు. ఈ ఏడు ఆ హద్దు ఇంకా కిందికి దించారు. ఇప్పుడిచ్చే జీతం సరిగ్గా అంచు మీద ఆగింది. మీరు పెంచింది పిడికెడు, పోయేది దోసెడు. నేను రోజూ వచ్చిపోయే ఆటో ఆ పింఛనుతోనే. ఆటో లేకపోతే పనీ లేదు."

"నా బండి మీద దింపుతాలే."

"నేనేమన్నా పార్సెలా? మీకు జ్వరమొస్తే నా పని కూడా దుప్పటి కప్పుకోవాలా?"

గల్లా దగ్గర కూర్చున్న అతని తల్లి కలగజేసుకుంది. "నువ్వు నోరుమూసుకోరా. అమ్మాయ్, నీకేం కావాలో నువ్వే చెప్పు."

ఆమె మిషను ఆపింది. "కాలవ సగం దూకితే నీళ్ళలో పడతామండీ. దూకితే అవతలి గట్టున పడాలి. గుడ్డ కత్తిరింపు బయట చేయిస్తున్నారుగా, అదీ నాకివ్వండి. ఆ కూలీ కలిస్తే పింఛను పోయినా ఆటో నిలుస్తుంది."

"దూకుడు పిల్లవే!"

"కాళ్ళలో లేనిది నోట్లోనైనా ఉండొద్దూ!"

పెద్దావిడ నవ్వి కత్తెర ముందుకు తోసింది. "ఆ బయటివాడు వంకరగా కత్తిరిస్తే సరిచేసేది నువ్వేగా. వాడికిచ్చేదే నీకూ. ఇందులో నా దయేం లేదు." తర్వాత "పాలు పొంగుతున్నాయి" అంటూ లోపలికి నడిచింది. పొయ్యి వెలిగించనే లేదని ఇద్దరికీ తెలుసు.

బయట వాన అందుకుంది. చిన్న ఓనరు గొంతు సవరించుకున్నాడు. "అసలు నేను జీతం పెంచింది ఎందుకంటే..."

"తెలుసు. పింఛను ఆఫీసులో ఇంకోటి కూడా అడిగొచ్చాను."

"ఏంటది?"

"పెళ్ళయితే పింఛను ఏమవుతుందని."

అతని చేతిలో గొడుగు టప్పున విచ్చుకుంది. "ఏమన్నారు?"

"మొగుడి సంపాదన చూసి మొత్తం తీసేస్తారట." ఆమె తలెత్తకుండా సూదిలో దారం ఎక్కించింది. "అందుకే నా జీతం తేలేదాకా మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మాట్లాడండి. కాస్త గట్టిగా. తలుపు వెనక నిలబడి అమ్మగారికి కాళ్ళు పీకుతుంటాయి."