నలభై ఎనిమిది అక్షరాలు

ఆ ప్రోగ్రామింగ్ పోటీకి ప్రశ్నలు తయారుచేసే ప్రొఫెసర్‌ను ఉదయం తొమ్మిదింటికి లిఫ్ట్‌లో కాల్చి చంపారు. పదకొండింటికల్లా ఆయన కుర్చీలో కొత్త ప్రొఫెసర్ కూర్చున్నాడు: తెల్లగడ్డం, మందపాటి కళ్లద్దాలు, కోటు లోపల పిస్టల్. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పిల్లి అంటారు.

అతి తక్కువ అక్షరాల్లో ప్రోగ్రామ్ రాసినవాళ్లదే గెలుపు. నాలుగు వేల మంది ఆడుతున్నారు. తొమ్మిదో ప్రశ్న విదేశీ ముఠా దూర్చిందని, ప్రొఫెసర్‌ను చంపిందీ వాళ్లేనని చీఫ్ చెప్పాడు. చూడ్డానికి అంకెల ఆటే గాని, దాని జవాబు డ్యామ్ గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తుంది. గేట్ల చిప్‌లో ఉన్న ఖాళీ నలభై ఎనిమిది అక్షరాలే. ముఠా నిపుణులు యాభై ఐదు దగ్గర చతికిలబడ్డారు. మిగతా పని లోకం చేత చేయిస్తున్నారు. అప్పటిదాకా ఎవరికీ కనిపించని జవాబుల్లో, గెలిచింది సాయంత్రం నాలుగింటికి తెరుచుకుంటుంది. ఓడినవి చెరిగిపోతాయి. ఈలోగా డ్యామ్ చిప్ మార్చేద్దామంటే మూడు రోజులు పడుతుంది.

డ్యామ్ కింది ఊళ్లో పిల్లి అక్క టైలరింగ్ షాపు నడుపుతోంది. ఫోన్ చేసి, ఒకసారి వచ్చి వెళ్లమన్నాడు. కారణం చెప్పే వీల్లేదు.

"నూట ఇరవై యూనిఫామ్‌లు కుట్టాలిరా. నీలా ఖాళీగా కూర్చుంటే నాకు కుదరదు," అంది అక్క.

స్క్రీన్ మీద అంకె దిగుతోంది. యాభై మూడు. యాభై. ప్రశ్నలో ఒక్క ముక్క కూడా పిల్లికి అర్థం కాలేదు. తలుపు దగ్గర సెక్యూరిటీ వేషంలో ముఠా మనిషి కాపలా. కిటికీ పక్కన బహుమతులు డిజైన్ చేసే సుందరి, ఎర్రగౌను, నల్లకళ్లద్దాలు. తగ్గించిన ఒక్కో అక్షరానికి ఒక్కో వారం ఓడ విహారం ఆమె ఆలోచనే. అందుకే ఎవరూ ఆగడం లేదు.

మూడు యాభై ఏడుకి నలభై ఎనిమిది పడింది. కాపలావాడు నవ్వుకుంటూ బాస్‌కి ఫోన్ చేయడానికి బాల్కనీలోకి వెళ్లాడు.

"ఈ గదిలో గాలాడటం లేదు," అంది సుందరి.

అది డిపార్ట్‌మెంట్ కోడ్‌వర్డ్. పిల్లి ఉలిక్కిపడ్డాడు.

"పోటీ ఆపలేం. కానీ ప్రశ్న పెట్టినవాడు కొత్త పరీక్ష కలపొచ్చు. ప్రోగ్రామ్‌కి సున్నా ఇచ్చి చూస్తే, దాన్ని లెక్కలోకి తీసుకోని ఈ పొట్టి జవాబులన్నీ తప్పుతాయి. మెషీన్ నా వేలిముద్ర ఒప్పుకోదు, మీదే కావాలి," అందామె.

"నాకు ప్రోగ్రామ్ రాయడం రాదు."

"సున్నా నొక్కడం వచ్చుగా?"

నొక్కాడు. జవాబులు ఒక్కొక్కటే ఎర్రబడసాగాయి. నలభై ఎనిమిది మాత్రం కదల్లేదు. గడియారంలో ఒక్క సెకను మిగిలి ఉండగా అదీ ఎర్రబడింది. అరవై మూడు అక్షరాల జవాబొకటి గెలిచింది. చిప్‌లో అది పట్టదు. బాల్కనీ నుంచి తిరిగొచ్చిన కాపలావాడికి పిస్టల్ ఎదురైంది.

చీఫ్ మెచ్చుకోవడానికి ఫోన్ చేసేలోపే, ఓడినవాళ్లంతా ప్రశ్న పెట్టినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. ఆ తిట్లలో ఒక్కటీ పొట్టిగా లేదు.