ఖాళీ గదికి పది సెకన్లు

వ్యోస నది పైగట్టున ఉన్న రాతి ఇంట్లో, మధ్యాహ్నం కాఫీ తాగి కప్పు బోర్లించి, నజీఫె కంప్యూటర్ ముందు కూర్చుంది. బయట సన్నటి వాన. పొయ్యిలో ఆలివ్ కట్టెల పొగ వాసన. చెల్లెలు శేగ పోయి రేపటికి నలభై రోజులు. ఆ రోజు పెట్టే భోజనాల్లో శేగ పేరు పెట్టి శోకగీతం వినిపించకపోతే ఆమెను అనాథగా సాగనంపినట్టే.

ఆ ఊళ్ళో శోకగీతం ఒంటరిగా పాడరు. ఒకరు పాడుతుంటే వెనక ఒకరు తెగకుండా శ్రుతి పట్టాలి. యాభై ఏళ్ళు నజీఫె పాడింది, శేగ శ్రుతి పట్టింది. ఇప్పుడు పట్టేవాళ్ళు ఊళ్ళోనే లేరు. అందుకే శేగ కూతురు ఎల్వానా, రాజధాని టిరానా నుంచి ఫోన్లో, కంప్యూటర్లో పాట రికార్డు చెయ్యడం ఓపిగ్గా నేర్పుతోంది.

"రెండు గొంతులూ నువ్వే పాడు పెద్దమ్మా. ఒక్కో గొంతుకి తెరమీద ఒక్కో వరస, ఒక్కో ట్రాక్. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకో, లేకపోతే మొదటి గొంతు రెండోదాంట్లోకి కారిపోతుంది. పాడినప్పుడల్లా సేవ్ చెయ్యి."

"పాట పాడేశానే. శ్రుతి తర్వాత చేరుస్తా."

"శ్రుతి లేకుండా పాట ఎత్తావా? అమ్మ ఉంటే నెత్తిన మొట్టేది."

"యంత్రానికి ఆ పట్టింపు ఎక్కడిదే!"

"సరేలే. నీ వెనక మేకల గంటలు ఫోన్లోకే వినిపిస్తున్నాయి, అవీ పాడితే రేపు వాటికీ విస్తరి వెయ్యాలా? ముందు ఖాళీ గదిని పది సెకన్లు రికార్డు చెయ్యి. ఆ చప్పుడేదో యంత్రానికి నేర్పితే పాటలోంచి అదే తీసేస్తుంది. నువ్వు మాత్రం ఊపిరి కూడా పీల్చకు."

నజీఫె ఫోన్ పెట్టేసి, మీట నొక్కి, గది బయటికొచ్చి, తలుపు మూసి పది లెక్కపెట్టింది. తిరిగొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది.

వాన. మేకల గంటలు. కట్టెల చిటపట. వాటి అడుగున...

శ్రుతి.

సన్నగా, తెగకుండా. ఆడగొంతు. ఊపిరికైనా ఆగదు.

మీట నొక్కి ఆ వరస మ్యూట్ చేసింది. తెరమీద గీత చదునుగా పడుకుంది. శ్రుతి ఆగలేదు. హెడ్‌ఫోన్స్ తీసేసింది.

గదిలో ఉంది... వీపు వెనక.

"శేగా?" అంది గుసగుసగా.

ఆగింది.

ఆ పది సెకన్లూ చెరిపేసింది. కానీ రేపటికి పాట ఉండాలి. శ్రుతి పట్టే ధైర్యం లేక, తన ఒక్క గొంతే ఉన్న పాటను ఎల్వానాకు పంపింది. పొయ్యి ఎగదోసి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇల్లంతా ఎంత ఖాళీగా ఉందో, నలభై రోజుల్లో మొదటిసారి ఆ ఖాళీయే కావాలనిపించింది.

ఫోన్ మోగింది. ఎల్వానా ఏడుస్తోంది.

"శ్రుతి ఎంత బాగా పట్టావు పెద్దమ్మా! అమ్మ పాడిన పాట ఎక్కడ దొరికింది నీకు? అమ్మ ఎప్పుడూ పాట ఎత్తేది కాదుగా, శ్రుతేగా పట్టేది."

నజీఫె ఫోన్ చెవికి అదిమిపట్టింది.

"ఒక్కటే అర్థం కాలేదు... అమ్మ ఆ పాటలో ఏడుస్తున్నది నీ పేరు పెట్టి. ఎప్పుడు పాడింది? పెద్దమ్మా?"

జవాబు చెప్పడానికి నజీఫె నోరు తెరిచింది. మాట రాలేదు. సన్నగా, తెగకుండా, శ్రుతి వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఊపిరి పీల్చాలని ఆమెకు ఒక్కసారీ అనిపించలేదు.